గుచ్చే ముందు రెండు నిమిషాలు

సంపాదకులకు,

ఏటా నవంబర్ 15 నుంచి 21 వరకు జాతీయ నవజాత శిశు వారోత్సవం. ఆ మధ్యలోనే 17వ తేదీన నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ప్రపంచమంతా ఒక రోజు జరుపుతారు. ఆ వారం పత్రికల్లో ఎక్కువగా కనబడేవి ఎన్ని వార్మర్లు (బిడ్డకు పైనుంచి వేడినిచ్చే మంచాలు) వచ్చాయి, ఎన్ని వెంటిలేటర్లు ఉన్నాయి, ఎంత తక్కువ బరువున్న బిడ్డ బతికి బయటపడింది అన్న వార్తలే. అవి కావలసినవే. అయితే 1,100 గ్రాముల బిడ్డ ఆ వార్మర్ మీద రోజుకు ఎన్నిసార్లు ఉలిక్కిపడుతోంది, ఎన్ని సూదిపోట్లు ఓర్చుకుంటోంది, ఎన్ని గంటలు కలతలేని నిద్ర పోతోంది అన్నది ఎవరూ రాయరు. నవజాత శిశు విభాగాల్లో పనిచేసే నర్సులం, వైద్యులం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. బిడ్డను ముట్టుకునే తీరు కూడా వైద్యమే. మందుకు మోతాదూ వేళా రాసినట్టే దానికీ రాయాలి, చేశారో లేదో మర్నాడు రౌండ్స్‌లో అడగాలి. మేం చెప్పదలచుకున్నది ఇంతే.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది పిల్లలు 37 వారాలు నిండకముందే పుట్టారు. మరే దేశంలోనూ ఇంతమంది లేరు. వాళ్లలో 28 వారాలకే బయటికొచ్చిన బిడ్డ సంగతి చూడండి. కడుపులో ఉన్నప్పుడు చీకటి, వెచ్చదనం, నీళ్ల మీద తేలడం, చెయ్యి చాపితే తగిలే మెత్తటి గోడ. బయట అదేదీ లేదు. కండలో పట్టు రాలేదు కాబట్టి కాళ్లూ చేతులూ కప్పలా పరుచుకుపోతాయి, మళ్లీ దగ్గరికి లాక్కునే బలం ఉండదు. మెదడు లోపలి గదుల చుట్టూ రక్తనాళాలు సాలెపోగుల్లా ఉంటాయి. గుచ్చినప్పుడు, ఒక్కసారిగా వెల్లకిలా తిప్పినప్పుడు, దబ్బున చప్పుడైనప్పుడు రక్తపోటు ఎగిరి పడుతుంది, ఆక్సిజన్ దిగిపోతుంది. ఆ ఎగుడుదిగుళ్లను ఆ పోగులు తట్టుకోలేవు. మెదడులో రక్తస్రావం ఎక్కువగా జరిగేది మొదటి 72 గంటల్లోనే. అందుకే ఆ మూడు రోజులూ తల పక్కకు వాలకుండా నిటారుగా, కాస్త ఎత్తులో ఉంచాలి. డైపర్ మార్చేటప్పుడు రెండు కాళ్లూ పట్టి నడుము పైకి లేపకూడదు, పక్కకు ఒత్తిగించి మార్చాలి. సెలైన్‌ను సిరంజితో ఒక్క తోపులో ఎక్కించకుండా నిదానంగా ఎక్కించాలి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఈ పిల్లలకు కిలో బరువుకు రోజుకు 110 నుంచి 135 కిలోక్యాలరీలు కావాలి. అంత పాలు పట్టించడమే గగనం. ఏడుపుకీ చలికీ ఖర్చయినది బరువుకు చేరదు.

పసివాళ్లకు నొప్పి తెలియదని వైద్యులే నమ్మిన కాలం మరీ పాతది కాదు. 1980లలో కూడా కొన్నిచోట్ల నెలలు నిండని పిల్లలకు సరైన నొప్పి మందు లేకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన భారతీయ మూలాల వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్, 1987లో ఫెంటనిల్ అనే నొప్పి మందు ఇచ్చి చేసిన గుండె నాళం ఆపరేషన్లను, ఇవ్వకుండా చేసినవాటితో పోల్చి చూపారు. మందు ఇచ్చిన పిల్లల్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువ, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తక్కువ. అప్పటి నుంచి పుస్తకాలు మారాయి. వార్డులు అంత త్వరగా మారలేదు. ప్యారిస్ ప్రాంతంలోని ఐసీయూల్లో 430 మంది పసివాళ్లను గమనించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో బిడ్డకు రోజుకు సుమారు పదిసార్లు నొప్పి కలిగించే పనులు జరుగుతున్నట్టు తేలింది. అందులో ఐదింట నాలుగు వంతులు నొప్పి తగ్గించే ఏ ఏర్పాటూ లేకుండానే చేశారు.

మన వార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు జరిగేది మడమ పోటు. చక్కెర చూడటానికి గ్లూకోమీటర్ పట్టీ మీదికి ఒక్క చుక్క రక్తం, అంతే. ఇంత చిన్న పని కాబట్టే దాన్ని ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఎలా చేయాలో కాస్త వివరంగా చెప్తాం.

ముందు అడగాల్సింది, ఈ పోటు అసలు అవసరమా అని. సాయంత్రం కామెర్లు చూసే బిలిరుబిన్ పరీక్ష కోసం ఎలాగూ రక్తం తీస్తారనుకుంటే, మధ్యలో ఇంకో పోటు లేకుండా రెండూ కలిపేయొచ్చేమో చూడాలి. అవసరమేనని తేలితే ఇద్దరు ఉండాలి, ఒకరు గుచ్చడానికి, ఒకరు పట్టుకోవడానికి. రెండో మనిషి బిడ్డ తల్లే అయితే అంతకన్నా మేలు లేదు. చేతులు కడుక్కుని, హ్యాండ్ రబ్ పూర్తిగా ఆరేదాకా ఆగి, అరచేతులు వెచ్చబడ్డాక బిడ్డ మీద పెట్టాలి. ఆరని స్పిరిట్ ఘాటు ముక్కుకు తగిలితేనే కొందరు పిల్లలు శ్వాస బిగబడతారు.

నొప్పి తగ్గించడానికి, సూది లేని 1 మి.లీ. సిరంజిలోకి తీపి ద్రావణం, అంటే 24 శాతం సుక్రోజ్ గానీ, అది లేకపోతే ప్రతి వార్డులోనూ దొరికే 25 శాతం డెక్స్‌ట్రోజ్ గానీ తీసుకోవాలి. 28 వారాల లోపు బిడ్డకు 0.1 మి.లీ., 28 నుంచి 32 వారాల బిడ్డకు 0.2 నుంచి 0.25, అంతకు పైబడితే 0.5 మి.లీ. చాలు. నాలుక కొస మీద చుక్క చుక్కగా వేయాలి. ముక్కు గొట్టం ద్వారా పొట్టలోకి పంపితే పని చేయదు, ఎందుకంటే పని చేసేది నాలుకకు తగిలిన తీపి. వేశాక రెండు నిమిషాలు ఆగాలి. ఈ రెండు నిమిషాల దగ్గరే అందరం తప్పు చేస్తాం. చుక్క వేసిన మరుక్షణం గుచ్చేసి, ‘తీపి ఇచ్చినా ఏడ్చింది, ఇదంతా దండగ’ అంటాం.

ఆ రెండు నిమిషాల్లో రెండో మనిషి ఒక అరచెయ్యి బిడ్డ తల మీద గొడుగులా ఉంచి, రెండో చేత్తో కాళ్లను మడిచి పొట్ట దగ్గరికి చేరుస్తారు. చేతులు ముఖం దగ్గరికి వచ్చేలా గుడ్డ చుట్టి ఒక్క పాదం మాత్రం బయట ఉంచుతారు. చెయ్యి కదలకూడదు. నిమరడం, తట్టడం పెద్ద పిల్లలకు బాగుంటుంది గానీ ఈ వయసుకు అదీ చిరాకే. కదలని, వెచ్చని, కాస్త బరువున్న చెయ్యి కావాలి.

మడమను తుడిచిన స్పిరిట్ ఆరాక, అరికాలికి లోపలి పక్కనో బయటి పక్కనో గుచ్చాలి. మడమ నడిమధ్యా, వెనక గుండ్రటి చోటా ఎముక చర్మానికి దగ్గరగా ఉంటుంది, అక్కడ గుచ్చితే ఎముకకు చీము పట్టే ప్రమాదం ఉంది. లోతు తెలిసిన ఆటోమేటిక్ లాన్సెట్ (నొక్కితే దానంతట అదే గుచ్చే చిన్న పరికరం) వాడాలి. ఇంజెక్షన్ సూదితో గుచ్చితే ఎంత లోపలికి పోయిందో ఎవరికీ తెలియదు. తర్వాత పాదాన్ని పిండకూడదు. పోటు కన్నా పిండుడే ఎక్కువ నొప్పి. పైగా పిండి తీసిన రక్తంలో కణాలు చిట్లి పొటాషియం తప్పుగా ఎక్కువ చూపిస్తుంది, దాంతో మళ్లీ ఇంకో పోటు. పాదాన్ని కొంచెం కిందికి ఉంచితే చుక్క దానంతట అదే వస్తుంది. ఎక్కువ రక్తం కావాలంటే చెయ్యి తిరిగిన వారితో నరం నుంచి తీయించడమే మడమ పోటు కన్నా నయం. పని అయ్యాక వెంటనే వదిలేయకుండా, గుండె వేగం మునుపటి అంకెకు వచ్చేదాకా పట్టుకునే ఉండాలి.

తల్లి దగ్గరే ఉంటే తీపి చుక్క కన్నా మంచి దారి ఉంది. పోటుకు పావుగంట ముందు బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెట్టి, అక్కడే గుచ్చడం. చప్పరించగల బిడ్డయితే పాలు తాగుతుండగానే గుచ్చొచ్చు. తీపికి ఒక హద్దుంది. చిన్న పోటుకు, అదీ అప్పటికప్పుడే. ఏడుస్తోందని ఊరుకోబెట్టడానికి అది వాడేది కాదు. ఊపిరి గొట్టం వేయడం, ఛాతీలో ట్యూబు పెట్టడం లాంటి వాటికి ఫెంటనిల్ వంటి అసలు మందే ఇవ్వాలి. అలాగని వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి బిడ్డకూ రోజంతా మార్ఫిన్ ఎక్కించడం కూడా సరికాదు. రక్తపోటు పడిపోతుంది, పాలు అరగడం ఆలస్యమవుతుంది. ఇది చదివే ఇళ్లవాళ్లు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆస్పత్రిలో కొలిచి వేసే చుక్కకూ, ఇంట్లో పంచదార నీళ్లు, తేనె నాకించడానికీ ఏ సంబంధమూ లేదు. అవి పట్టకండి.

ఇక బిడ్డ ఏం చెబుతోందో చదవడం. నెలలు నిండిన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఈ బిడ్డ అలా ఏడవలేదు. వేళ్లు నక్షత్రంలా విచ్చుకుంటాయి. అరచెయ్యి ముఖం ముందుకు లేచి, ఎవరినో ఆగమన్నట్టు నిలబడుతుంది. వీపు విల్లులా వంగుతుంది. వరసగా తుమ్ములు, ఎక్కిళ్లు, ఆవలింతలు వస్తాయి. చర్మం పాలరాయిలా మచ్చలు మచ్చలుగా అవుతుంది. నుదుటి మధ్య ఉబ్బు, గట్టిగా మూసుకున్న కళ్లు, ముక్కు పక్క నుంచి పెదవి దాకా పడే గీత, ఈ మూడింటితో పాటు గుండె వేగం, ఆక్సిజన్, బిడ్డ వయసు, మెలకువ కలిపి 21 మార్కుల పట్టిక ఒకటుంది. పిప్ స్కోర్ అంటారు. ఆరు దాటితే ఏదో ఒకటి చేయాలి, పన్నెండు దాటితే మనం చేస్తున్నది చాలడం లేదని అర్థం. కాగితం మీద ముద్రించి మంచానికి కట్టుకోవడానికి ఒక్క రూపాయి కాదు.

ఈ పట్టిక వేసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. ఒకటి, కదలకుండా పడున్న బిడ్డను చూసి ‘బుద్ధిమంతురాలు, హాయిగా పడుకుంది’ అనుకోవడం. అలసిపోయిన బిడ్డ స్పందించడం మానేస్తుంది. అది నెమ్మది కాదు, ఓపిక అయిపోవడం. రెండోది దీనికి ఎదురు. ఊపిరి ఆగడం కొత్తగా మొదలైనా, రంగు మారుతున్నా, పాలు అరక్కపోయినా దాన్ని ఒత్తిడి ఖాతాలో వేసేయడం. అది ఇన్ఫెక్షన్‌కు తొలి గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరును పిలవాలి.

చప్పుడు సంగతికొస్తే, నవజాత శిశు ఐసీయూలో శబ్దం 45 డెసిబుల్స్ దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1997లోనే చెప్పింది. 10 డెసిబుల్స్ పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లవుతుంది. జనం గాజుపెట్టె అనే ఇంక్యుబేటర్ పైన పాల సీసా టక్కున పెడితే, చిన్న తలుపు చేత్తో తోసేస్తే, లోపలున్న బిడ్డకు అది పిడుగే. మన జిల్లా ఆస్పత్రుల ఎస్‌ఎన్‌సీయూల్లో (జబ్బుపడిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డుల్లో) ఎక్కువగా ఉన్నవి పైకప్పు లేని వార్మర్లు, కాబట్టి స్టీలు ట్రే, చెత్తడబ్బా మూత, ఈడ్చిన కుర్చీ, మోగిన సెల్‌ఫోన్ అన్నీ నేరుగా బిడ్డ చెవిలోకే. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, ఫోన్లు వైబ్రేషన్‌లో, తలుపు రెండు చేతులతో మూయడం, రౌండ్స్ చర్చ మంచానికి నాలుగడుగుల అవతల. ఇవి కొనేవి కావు.

అలారాల గురించి ఎవరూ చెప్పని ఒక చిన్న విషయం. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు రక్తంలో ఆక్సిజన్ 90 నుంచి 95 శాతం మధ్య ఉంచాలి కాబట్టి అలారం హద్దులు 89, 96 దగ్గర పెడతాం. ఆక్సిజన్ తీసేశాక మామూలు గాలిలో ఆ బిడ్డ 98 చూపించడం మంచిదే. కానీ పై హద్దు మార్చడం మరిచిపోతాం, ఇక అది రాత్రంతా మోగుతూనే ఉంటుంది. మోగీ మోగీ అందరి చెవులూ మొద్దుబారతాయి, నిజంగా పడిపోయినప్పుడు కూడా ఎవరూ తల తిప్పరు. ఆక్సిజన్ తీసిన రోజే పై హద్దు తీసేయాలి. ఫోన్‌లో పాటలు పెట్టి పెట్టెలో వదలడం కూడా మానాలి. తల్లి గుండెల మీద ఉన్నప్పుడు ఆమె గొంతు తగ్గించి పాడే జోల వేరు, అది ఎన్నిసార్లైనా పాడవచ్చు.

వెలుతురు విషయంలో, 30–32 వారాల లోపు బిడ్డకు కనుపాప ముడుచుకుని వెలుగును ఆపే శక్తి ఇంకా రాదు, రెప్పలూ పలచనే. ఇంక్యుబేటర్ మీద ముదురు రంగు గుడ్డ కప్పాలి, ముఖం చూడ్డానికి ఒక అంచు మడవాలి, గాలి రంధ్రాలు మూయకూడదు. వార్మర్ మీద మాత్రం గుడ్డ కప్పకండి. వేడి బిడ్డకు చేరదు, గుడ్డ అంటుకునే ప్రమాదమూ ఉంది. పక్క బిడ్డకు కామెర్ల కోసం పెట్టే ఫోటోథెరపీ నీలి వెలుగు ఇటు పడకుండా మధ్యలో తెర చాలు. 32 వారాలు దాటాక పగలు వెలుగు, రాత్రి చీకటి అలవాటు చేయాలి.

గూడు కట్టడం అందరూ చేస్తున్నామంటారు, సరిగ్గా చేసేది తక్కువ. రెండు నూలు దుప్పట్లను బిగుతుగా చుట్టి, యు ఆకారంలో పాదాల చుట్టూ, నడుము పక్కలా ఉంచాలి. బిడ్డ కాలు చాపితే అంచు తగలాలి, తగిలి ఆగాలి. వదులుగా ఉంటే అది అలంకారమే. ఛాతీని నొక్కేంత బిగువైతే ఊపిరికి అడ్డు. గుడ్డ ముక్కు దగ్గరికి రాకూడదు. ఇంటికి పంపే ముందు కొన్ని రోజులు గూడు తీసేసి, చదునైన పక్క మీద వెల్లకిలా పడుకోవడం అలవాటు చేయాలి.

ప్లాస్టర్ తీయడం కూడా పోటుతో సమానం. ఈ చర్మానికి పై పొర సరిగ్గా రాలేదు, బొబ్బ మీద పొరలా ఊడొస్తుంది. తడి దూదితో అంచును నానబెడుతూ, పైకి లాగకుండా చర్మానికి సమాంతరంగా వెనక్కి మడుస్తూ, వేలితో చర్మాన్ని ఆపుకుంటూ తీయాలి. రెండు మూడు నిమిషాలు పడుతుంది. పట్టనివ్వాలి. గొంతులో సక్షన్ (గొట్టంతో కఫం లాగడం) కూడా గంటగంటకూ పెట్టుకునే పని కాదు, కఫం ఉంటేనే, పది సెకన్లు మించకుండా.

కంటి పరీక్ష ఒకటి మరువకూడదు. 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు ఉన్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాను చూపించాలి, మరీ చిన్నవాళ్లకు ఇంకా ముందే. చూపు నిలబెట్టే పరీక్ష అది, ఏ కారణంతోనూ వాయిదా వేయొద్దు. కానీ రెప్ప విప్పి ఉంచే తీగ చాలా బాధిస్తుంది. మత్తు చుక్కలు, తీపి చుక్క, గుడ్డలో చుట్టి పట్టుకోవడం మూడూ ఉండాలి. గంట ముందు నుంచి పాలు ఆపితే వాంతి కాదు. ఆ తర్వాత రోజంతా మరే పోటూ పెట్టకపోతే ఇంకా మంచిది.

ఇంత చెప్పినా, పైన చెప్పిన వాటన్నిటి కన్నా బలమైనది తల్లి ఒళ్లు. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే సనాబ్రియా అనే వైద్యుడు బిడ్డలను తల్లుల గుండెలకు కట్టడం మొదలుపెట్టారు. అదే కంగారూ పద్ధతి. చాలాకాలం అది బిడ్డ స్థిమితపడ్డాకే అనుకున్నాం. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాలతో పాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రిలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనం ఆ మాటను తిరగరాసింది. కిలో నుంచి 1,799 గ్రాముల బిడ్డలను పుట్టిన వెంటనే, స్థిమితపడకముందే, తల్లి ఒంటికి చేర్చి రోజుకు దాదాపు 17 గంటలు ఉంచితే, 28 రోజుల లోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఇన్ఫెక్షన్ అనుమానం కూడా ఆ పిల్లల్లోనే తక్కువ. ‘తల్లి లోపలికొస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది’ అన్న మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. 2022 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వమంటోంది. ఢిల్లీ రామ్‌మనోహర్ లోహియా ఆస్పత్రిలో మొదలైన, తల్లిదండ్రులే బిడ్డ సంరక్షణలో పాలుపంచుకునే కుటుంబ భాగస్వామ్య పద్ధతికి కేంద్రం 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి తల్లిని లోపల కూర్చోనివ్వడం ఎవరి దయా కాదు. రోజుకు రెండుసార్లు గాజు వెనక నుంచి చూపించి పంపేయడమే నియమానికి విరుద్ధం.

ఇందులోనూ పొరపాట్లు చాలానే జరుగుతాయి. బిడ్డను మార్చే ఆ అర నిమిషమే కష్టం. గొట్టాలన్నీ ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు బిడ్డను గూడులో ఉన్న భంగిమలోనే, కాళ్లూ చేతులూ ముడుచుకునే, ఎత్తి తల్లి రొమ్ముల మధ్య నిలువుగా ఉంచాలి. తల ఒక పక్కకు, గడ్డం కొంచెం పైకి. గడ్డం ఛాతీ మీదికి వాలిందంటే ఊపిరి గొట్టం మడత పడుతుంది. గుడ్డ పై అంచు చెవి కిందిదాకా వచ్చేలా కట్టాలి. టోపీ, మేజోళ్లు, డైపర్ తప్ప ఒంటి మీద ఇంకేమీ వద్దు. గొట్టాలను తల్లి భుజం మీద ప్లాస్టర్‌తో ఆపాలి. మొదటి పదీ పదిహేను నిమిషాలు ఆక్సిజన్ అటూ ఇటూ ఊగుతుంది. కాస్త ఊగగానే కంగారుపడి వెనక్కి పెట్టేస్తే బిడ్డకు ఒక మార్పుకు బదులు రెండు మార్పులు. బాగా పడిపోయి లేవకపోతే తప్ప ఓపిక పట్టాలి. ఒకసారి పెడితే కనీసం గంట తీయకూడదు. బిడ్డ నిద్ర చుట్టు తిరగడానికి సుమారు అంత పడుతుంది, మెదడు ఎదిగేది ఆ నిద్రలోనే.

ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఒక విన్నపం. బాలింత కదలకూడదని, పురుడు వెళ్లేదాకా బయటికి రాకూడదని పది పదకొండు రోజులు ఆపేస్తున్నారు. బిడ్డకు తల్లి ఒళ్లు అన్నిటికన్నా అవసరమైన రోజులు సరిగ్గా అవే. ఆపరేషన్ అయిన తల్లికి నొప్పి మాత్ర వేసి, వేళకు అన్నం పెట్టి, చక్రాల కుర్చీలో తీసుకురండి. ఆమె లేవలేని రోజు నాన్న గుండె కూడా అంతే వెచ్చగా ఉంటుంది, అమ్మమ్మదైనా పర్వాలేదు. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అన్న మాట తల్లి చెవిన పడనివ్వకండి, అది నిజం కాదు. లోపల ఎంత ఎక్కువ కాలం ఉంటే బిడ్డకు అంత బలం.

అధికారులను అడిగేవి మూడు. ప్రతి కేస్‌షీట్‌లో రోజుకు ఎన్ని పోట్లు, అందులో ఎన్ని నొప్పి తగ్గించి చేశారు, తల్లి ఒంటి మీద ఎన్ని గంటలు అన్న మూడు గళ్లు ముద్రించాలి. మరణాల సంఖ్యతో పాటు ఈ అంకెలనూ నెలవారీ సమీక్షలో చదవాలి. ఒక షిఫ్టులో ఒక నర్సుకు ఎంతమంది పిల్లలు అన్నది నిజంగా లెక్కగట్టాలి, ఎందుకంటే పదిమందిని ఒకరే చూస్తున్నచోట ఆ రెండు నిమిషాలు ఎవరూ ఆగలేరు. మూడోది, ప్రతి వార్మర్ పక్కన ఒక కుర్చీ. ప్లాస్టిక్ స్టూలు కాదు. చేతులుండాలి, వీపు సగం వాలాలి, పాదాలు ఆనడానికి పీట ఉండాలి, కడిగితే తడి పీల్చని రెక్సిన్ వేసి ఉండాలి. కుట్లున్న తల్లి గంటన్నర కదలకుండా కూర్చోవాల్సింది అందులోనే.

ఇట్లు,
నవజాత శిశు విభాగాల్లో పనిచేసే కొందరు నర్సులు, వైద్యులు